షుగరుకు ఉన్నట్టు త్రాగుడుకు పరీక్ష ఉందా?



ఈ నెల మాకు అందిన ఉత్తరములలో కృష్ణా జిల్లా నుండి ఒక సహోదరి వ్రాసినది ఒకటి ఉన్నది. పిల్లల నోటుపుస్తకములో నుండి చింపిన రెండు కాగితములు, అటూ ఇటూ నిండా వ్రాశారు. పేరు వ్రాయలేదు. సంగతి ఇది. భర్త ప్రతి సాయంకాలము పని నుండి వస్తూ త్రాగి వస్తాడు. ఉద్యోగము మానలేదు. జీతములో చాలా భాగము ఇంటికి తెస్తాడు. వీధిలో పడిపోయిన దినము లేదు. ఏమైనా అంటే, "నేనేమైనా తాగుబోతునా? ఎప్పుడైనా రోడ్డు మీద పడ్డానా?" అంటాడు. అత్తగారు, "మగాడన్నాక ఆ మాత్రం ఉండదా?" అంటుంది. ప్రార్థన కూటములో ఒకామె అది దురాత్మ అన్నది. జ్వరానికి చూపించుకొన్న డాక్టరుగారు, "తగ్గించుకోవయ్యా" అని మందులు వ్రాసి పంపారు. ఉత్తరము చివర ఆ సహోదరి అడిగిన ప్రశ్న చదివి మేము చాలాసేపు ఊరకుండిపోయాము. "అయ్యగారూ, షుగరు ఉందో లేదో వేలు పొడిచి చెప్తారు కదండీ. ఈ తాగుడు ఎంత ముదిరిందో చెప్పే పరీక్ష ఏదైనా ఉందాండీ?"

ఉన్నదమ్మా. దానికి సూది అక్కరలేదు. అడగవలసిన ప్రశ్నలు కొన్ని, వాటిని అడిగే పద్ధతి ఒకటి ఉన్నవి. రక్తములో కాలేయమునకు సంబంధించిన పరీక్షలు కూడా వైద్యులు చేస్తారు గాని, ఎంతో త్రాగేవానికి కూడా అవి ఒక్కొక్కసారి మామూలుగానే రావచ్చును. తొలిదశలో పట్టుకొనుటకు రక్తపరీక్ష కంటె సరిగ్గా అడిగిన పది ప్రశ్నలే మేలని తేలినది. ఈ సంగతి కాపరులమైన మేము ముందుగా నేర్చుకొనవలసినది. మేము ఆలస్యముగా నేర్చుకొన్నాము. ఆ ఆలస్యము వలన మా సంఘములో ఒక సహోదరుని ప్రాణము మీదికి వచ్చినది. అది కూడా దాచకుండా వ్రాస్తాము.

సామెతలు 23వ అధ్యాయము తెరచి 29వ వచనము చూడండి. త్రాగుబోతును గూర్చి అక్కడ జ్ఞాని తీర్పు చెప్పక ముందు ప్రశ్నలు వేస్తాడు. వరుసగా ఆరు ప్రశ్నలు. కష్టము ఎవరికి, తగవులు ఎవరికి, ఎలా తగిలినవో తెలియని దెబ్బలు ఎవరికి, ఈ విధముగా. అధ్యాయము చివరకు వచ్చేసరికి ఆ మనుష్యుడు తనను కొట్టినా తెలియలేదంటాడు, మెలకువ రాగానే మరల దానినే వెదకుతానంటాడు. నేటి వైద్యుల ప్రశ్నావళి పట్టుకొని ఈ భాగము ప్రక్కన పెట్టి చూస్తే మాకు ఆశ్చర్యము కలిగినది. దెబ్బలు తగలడము, జరిగినది జ్ఞాపకము లేకపోవడము, తెల్లవారగానే మరల కావలసిరావడము, మూడూ ఆ కాగితములో ఉన్నవి.

అయితే మేము అడిగే ప్రశ్న ఏది? గుమ్మము దగ్గర నిలబడి, "ఏం తమ్ముడూ, తాగుతున్నావంట?" అంటాము. దానికి సమాధానము ప్రశ్నలోనే ఉన్నది. "అబ్బే, లేదండయ్యగారూ. ఎప్పుడైనా, పండక్కీ పబ్బానికీ." మేము సంతోషించి ప్రార్థన చేసి టీ త్రాగి వస్తాము. బైబిలు కళాశాలలో మాకు గ్రీకు క్రియలు నేర్పారు గాని మనిషిని ఎలా అడగాలో ఎవరూ నేర్పలేదు. ఇక అడగనే అడగకుండా చూపుతోనే తేల్చేసేవారమూ ఉన్నాము. షిలోహులో ఏలీ యాజకుడు హన్నా పెదవులు కదలడము చూచి మత్తురాలనుకొన్నాడు. పిల్లలు లేని ఒక స్త్రీ దుఃఖముతో చేసే ప్రార్థన అది. ఒక్క మాట అడిగి ఉంటే తెలిసేది. పెంతెకొస్తు దినమున శిష్యులను చూచి జనులు కూడా అలాగే అన్నారు. ఇంకా ప్రొద్దున తొమ్మిది గంటలే గదా అని పేతురు జవాబు చెప్పవలసివచ్చినది.

2019వ సంవత్సరము వేసవిలో మా ఊరిలో మూడు రాత్రులు ఉజ్జీవ కూటములు జరిగినవి. ఆఖరి రాత్రి, ఆదివారము, ఒక తాపీమేస్త్రీ ముందుకు వచ్చాడు. నలభై ఏండ్లు దాటినవాడు, మంచి పనివాడు. మా గుడి ప్రహరీ అతడు కట్టినదే. జేబులో నుండి సీసా తీసి వేదిక ముందు పెట్టి మోకరించి ఏడ్చాడు. మేము అతని తల మీద చేతులుంచి, "ఈ రాత్రి నుండి చుక్క ముట్టను" అని ప్రమాణము చేయించాము. సభ అంతా హల్లెలూయా అన్నది. ఎంత త్రాగుతున్నావు, ఎన్ని సంవత్సరములుగా, ప్రొద్దున్నే లేవగానే చేతులు వణుకుతాయా అని మేము ఒక్క మాట అడగలేదు.

సోమవారము చెమటలు, వణుకు. మంగళవారము నిద్ర లేదు, అన్నము సయించలేదు. విశ్వాస పరీక్ష అన్నాము. బుధవారము సాయంత్రము వెళ్లేసరికి మంచము మీద కూర్చొని గోడ మీద చీమలు పాకుతున్నవని చూపిస్తున్నాడు. చనిపోయిన తండ్రితో మాట్లాడుతున్నాడు. కుడిచేయి గాలిలో ఇటూ అటూ ఆడిస్తున్నాడు. కొంతసేపటికి మాకు అర్థమైనది, అతడు గోడకు ప్లాస్టరింగు చేస్తున్నాడు. తాపీ పట్టినట్టే వ్రేళ్లు ముడిచి, మాలు తీసి, వేసి, సాపు చేస్తున్నాడు. ఇంటి నిండా జనము. దెయ్యము అన్నారు. మేము కూడా అదే అనుకొన్నాము. రాత్రి పదకొండు గంటల వరకు గద్దించి ప్రార్థించాము. అతని ఒళ్లు కాలిపోతూ ఉన్నది.

అప్పుడు మా సంఘములో స్టాఫ్ నర్సుగా పనిచేసే సహోదరి డ్యూటీ దిగి వచ్చినది. నాడి పట్టుకొని చూచి, "అయ్యగారూ, ఇది దెయ్యం కాదండీ. ఒక్కసారిగా మానేసినందుకు వచ్చిందండీ. మిగతా ప్రార్థన ఆటోలో చేద్దాం, లేవండి" అన్నది.

ఆసుపత్రిలో ఉన్న డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. "చివరిసారి ఎప్పుడు తాగాడు?" అని అడిగినది. "ఆదివారం రాత్రి నుంచి ముట్టలేదమ్మా, ప్రభువు విడిపించాడు" అన్నాము. "రోజుకు ఎంత తాగేవాడు?" అని అడిగినది. మాకు తెలియదు. తమ్మునికి తెలియదు. గుమ్మము ప్రక్కన నిలబడిన భార్య అన్నది, "వారానికి పద్నాలుగు, పదిహేను సీసాలమ్మా, క్వార్టర్లు. ఖాళీవి పాతసామాన్లవాడికి వేసేది నేనే." డాక్టరమ్మ వ్రాసుకొని మా వైపు చూచినది. "ఇంత తాగేవాణ్ని ఒక్కసారి మానమని ఎవరు చెప్పారండీ?" మేము జవాబు చెప్పలేదు.

ఏండ్ల తరబడి ప్రతిదినము ఎక్కువగా త్రాగినవాని మెదడు మద్యమునకు అలవాటుపడి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే మొదటి రెండు దినములలో మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము లోపల, అందరికీ కాదు, కొందరికి, జ్వరము, భ్రాంతి, లేనివి కనబడుట మొదలగునవి వస్తాయి. వైద్యులు దీనిని డెలీరియం ట్రెమెన్స్ అంటారు. వైద్యము అందకపోతే ప్రాణము పోవచ్చును. అతనికి మత్తు తగ్గకుండా చూచే మాత్రలు రోజురోజుకు తగ్గిస్తూ ఇచ్చారు, బీ-1 విటమిను ఇంజక్షన్లు ఇచ్చారు. తొమ్మిది దినములకు లేచి కూర్చున్నాడు. దేవునికి స్తోత్రము. ఆ డాక్టరమ్మకును స్తోత్రము.

ఆ తరువాత జరిగినదే ఈ వ్యాసమునకు ముఖ్యము. ఆసుపత్రిలోని సోషల్ వర్కరు అతనితో మాట్లాడుటకు వచ్చినప్పుడు మేము కుర్చీ లాగుకొని ప్రక్కన కూర్చున్నాము. ఆమె మర్యాదగానే అన్నది, "పాస్టరుగారూ, మీరు బయట కూర్చోండి. మీరుంటే ఆయన జవాబు మీకు చెప్తాడు, నాకు చెప్పడు." మొదట మాకు కోపము వచ్చినమాట నిజము. ఇరువది సంవత్సరముల కాపరిత్వము వరండాలో బెంచీ మీద కూర్చున్నది.

ఆమె ఎలా అడిగినదో తరువాత ఆ మేస్త్రీయే మాకు చెప్పాడు. త్రాగుతావా అని అడగలేదు. భోజనము, నిద్ర, పని, కూలి గురించి మాట్లాడి, "బ్రాందీయా, విస్కీయా? ఏ సైజు సీసా?" అని అడిగినది. తరువాత క్యాలెండరు ముందర పెట్టి వెనుకకు నడిపించినది. శనివారము కూలిడబ్బులు వచ్చిన రాత్రి ఎంత, ఆదివారము ఎంత, అమ్మాయి ఓణీల ఫంక్షను వారములో ఎంత, శ్లాబు వేసిన రోజు ఎంత. "రోజుకు ఎంత?" అంటే మనిషి తక్కువ చెప్తాడు. కావాలని అబద్ధము కాదు, మంచి రోజులు జ్ఞాపకము పెట్టుకొంటాడు. పండుగలను, జీతపు దినములను ఆనవాళ్లుగా పెట్టి దినము దినము అడిగితే లెక్క నిజమునకు దగ్గరగా వస్తుంది. ఈ పద్ధతిని కెనడాలో పనిచేసిన సోబెల్ దంపతులు శాస్త్రీయముగా తీర్చి పెట్టారు. ఇంకొక మాట చెప్పాలి. ఆమె ఏ జవాబుకూ ముఖము మార్చలేదట. "ఆరు సీసాలన్నా, అర సీసా అన్నా ఒకేలాగ రాసుకుందయ్యగారూ. మీరైతే కళ్లు తుడుచుకునేవారు" అన్నాడు.

డిశ్చార్జి నాడు తన ఫైలు మా చేతికిచ్చి, "చదవండయ్యగారూ, మీకు తెలియాలి" అన్నాడు. అందులో పది ప్రశ్నల కాగితము ఉన్నది. దానిని ఆడిట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1982లో మొదలుపెట్టి ఆస్ట్రేలియా, బల్గేరియా, కెన్యా, మెక్సికో, నార్వే, అమెరికా, ఈ ఆరు దేశముల ఆసుపత్రులకు వచ్చిన రోగుల మీద పరిశోధించి తయారుచేసినది. ఒక్కొక్క ప్రశ్నకు సున్న నుండి నాలుగు మార్కులు, మొత్తము 40. ఎక్కువ మార్కులు వస్తే ప్యాసు కాదు సుమా. 8 గాని అంతకు మించి గాని వస్తే ప్రమాదము మొదలైనదని అర్థము. 8 నుండి 15 వరకు మంచిమాట చెప్పి తగ్గింపజేయవచ్చును. 16 నుండి 19 వరకు కూర్చోబెట్టి పలుమార్లు మాట్లాడి కనిపెట్టుచుండవలెను. 20 గాని అంతకు మించి గాని వచ్చినవారిని నిపుణుల దగ్గరకు పంపవలెను. మా మేస్త్రీకి 32.

మొదటి మూడు ప్రశ్నలు ఎంత త్రాగుతున్నాడో అడుగుతాయి. ఇక్కడ చిన్న లెక్క ఉన్నది, ఓపికగా చూడండి. ఆ కాగితములో ఒక డ్రింకు అంటే 10 గ్రాముల అసలు ఆల్కహాలు. బ్రిటనులో 8 గ్రాములు, అమెరికాలో 14 గ్రాములు అని వారి వారి లెక్కలు వేరు. మన దుకాణములలో దొరికే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉంటుంది. తూకములో అది సుమారు 60 గ్రాములు. అనగా ఒక క్వార్టరు ఒక డ్రింకు కాదు, ఆరు! స్ట్రాంగు బీరు పెద్దసీసా ఒకటి ఇంచుమించు నాలుగు. "నేనెంత, ఒక్క క్వార్టరే" అని రోజూ సాయంత్రము త్రాగేవానికి మార్కులు వేద్దాము. వారములో నాలుగుసార్లకు మించి త్రాగుతున్నాడు, 4 మార్కులు. ఒక పూటకు ఆరు డ్రింకులు, 2 మార్కులు. ఒకే కూర్చుంటలో ఆరు లేక అంతకు మించి ఎన్నిసార్లు అన్నదానికి ప్రతిదినము, 4 మార్కులు. మూడు ప్రశ్నలకే 10 అయినవి. ఇంకా ఏడు ప్రశ్నలు మిగిలే ఉన్నవి. వీధిలో పడని, జీతము తెచ్చే, మర్యాదస్థుడైన మనిషి గురించే ఈ లెక్క.

తరువాతి మూడు ప్రశ్నలు వేరే సంగతి అడుగుతాయి. మొదలుపెట్టిన తరువాత ఆపుకోలేకపోయినది ఎన్నిసార్లు? త్రాగుడు వలన చేయవలసిన పని చేయలేకపోయినది ఎన్నిసార్లు? క్రిందటి రాత్రి బాగా త్రాగి, ప్రొద్దున్నే తేరుకొనుటకు మరల త్రాగవలసివచ్చినది ఎన్నిసార్లు? మనిషి మద్యమును ఎంత పట్టుకొన్నాడన్నది ఒక లెక్క, మద్యము మనిషిని ఎంత పట్టుకొన్నదన్నది మరొక లెక్క. ఈ రెండవ లెక్కను 1976లో లండనుకు చెందిన గ్రిఫిత్ ఎడ్వర్డ్స్, ఆయనతోపాటు మిల్టన్ గ్రాస్ అను వైద్యులు స్పష్టముగా వివరించారు. బానిసత్వము ఉన్నది లేదు అని రెండు గదులు కావు, మెట్లు మెట్లుగా ఉంటుందన్నారు. మూడు సంవత్సరములకు, 1979లో, ఎడ్వర్డ్స్ ఉన్న బృందమే ఆ మెట్లు కొలుచుటకు 20 ప్రశ్నల పట్టిక తెచ్చినది. దానిలో ఎక్కువ భాగము తెల్లవారుజాము గురించే. చెమటతో లేస్తావా, చేతులు వణుకుతాయా, భయముగా ఉంటుందా, గ్లాసు పడితేగాని వణుకు ఆగదా? 60కి 30 దాటితే బానిసత్వము తీవ్రమైనదని, అట్టివాడు డాక్టరు పర్యవేక్షణలోనే మానవలెనని గ్రహించాలి. ఆ ఆదివారము రాత్రి వేదిక దగ్గర ఈ ప్రశ్నలలో ఒక్కటి, "పొద్దున్నే చేతులు వణుకుతాయా తమ్ముడూ?" అని అడిగి ఉంటే, ఆ ప్రమాణము ఆసుపత్రిలో చేయించేవారము.

కాగితము మీద మార్కులు వచ్చినంతమాత్రాన వ్యాధి నిర్ధారణ కాదు. అది తలుపు తట్టడము వంటిది. నిర్ధారణ డాక్టరు ముఖాముఖిగా మాట్లాడి చేస్తారు. వారు చూచే గుర్తులు ఆరు ఉండేవి. విపరీతమైన కోరిక, అదుపు లేకపోవడము, మానితే బాధ, అదే మత్తుకు మునుపటికంటె ఎక్కువ కావలసిరావడము, మిగిలిన సంతోషములు విడిచిపెట్టడము, హాని కనబడుచున్నా మానకపోవడము. ఒక సంవత్సరములో వీటిలో మూడు కనబడితే బానిసత్వమనేవారు. 2022 నుండి అమలులోనికి వచ్చిన కొత్త పట్టికలో ఈ ఆరింటినే మూడు జతలుగా కూర్చి, రెండు ఉంటే చాలునన్నారు.

ఇంతకన్న చిన్న పరీక్ష ఒకటున్నది, నాలుగే ప్రశ్నలు. అమెరికాలో జాన్ యూయింగ్ అను వైద్యుడు 1968లో కూర్చాడు. తగ్గించాలని ఎప్పుడైనా అనిపించిందా, ఇతరులు విమర్శిస్తే చిరాకు వచ్చిందా, తప్పు చేస్తున్నానని బాధ కలిగిందా, ప్రొద్దున్నే లేవగానే త్రాగవలసివచ్చిందా? ఇంగ్లీషులో వాటి మొదటి అక్షరములు కలిపితే కేజ్, అనగా పంజరము. రెండింటికి అవునంటే అనుమానించవలెను. ఆసుపత్రిలో ఇది బాగుగా పనిచేస్తుంది గాని సంఘములో మూడవ ప్రశ్నతో జాగ్రత్త అవసరమని మా అనుభవము. మేము వారమువారము త్రాగుడు పాపమని బోధిస్తాము గనుక, చుట్టాల పెండ్లిలో ఒక గ్లాసు బీరు త్రాగిన పిల్లవాడు కూడా తప్పు చేశానని కుమిలిపోతాడు. నిజముగా మునిగిపోయినవానికి ఆ బాధ కూడా మొద్దుబారి ఉంటుంది. మా మేస్త్రీ కాగితములో అన్నిటికీ 4, 3 ఉంటే, తప్పు చేశాననిపించిందా అన్న ఏడవ ప్రశ్నకు 1 ఉన్నది. ఎందుకని అడిగాము. "మొదట్లో ఉండేదయ్యగారూ. తర్వాత దాన్ని కూడా తాగేశాను" అన్నాడు. పశ్చాత్తాపము ఎంత ఉన్నదో చూచి త్రాగుడును అంచనా వేసే మా అలవాటు ఎంత తప్పో ఆ ఒకటి అనే అంకె మాకు చూపించినది.

ఆడిట్‌లో పదవ ప్రశ్న కుటుంబమును గూర్చినది. బంధువులో, స్నేహితులో, వైద్యులో ఆందోళనపడి తగ్గించుకొమ్మన్నారా అని. మన రాష్ట్రములో ఈ ప్రశ్నకు జవాబు స్త్రీలు ఎప్పుడో చెప్పారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణము మీదికి వెళ్లినప్పుడు వారి చేతిలో ఏ ప్రశ్నావళీ లేదు. 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరిలో మొత్తము మద్యము నిషేధింపబడినవి. 1997లో ఆ నిషేధము ఎత్తివేశారు. ఇక కేంద్ర ప్రభుత్వము ఢిల్లీ ఎయిమ్స్ ద్వారా ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగించి తీయించి 2019లో ప్రకటించిన లెక్క ప్రకారము దేశములో సుమారు 16 కోట్లమంది త్రాగేవారు, వారిలో 5.7 కోట్లమందికి పైగా సహాయము కావలసినవారు. ఖాళీ సీసాల లెక్క భార్యకు తెలిసినంత ఎవరికి తెలుసును? అందుకే మంచి ఆసుపత్రులలో రోగిని ఒకసారి, ఇంటివారిని వేరుగా ఒకసారి అడుగుతారు.

ఈ కాగితము మా చేతికి వచ్చిన తరువాత ఒక చిక్కు కూడా వచ్చినది. సంఘ కమిటీలో ఒక పెద్దాయన దానిని చూచి, "బాగుందండీ అయ్యగారూ, పెద్దల ఎన్నికకు నిలబడే వాళ్లందరి చేతా నింపిద్దాం" అన్నారు. మేము ఒప్పుకొనలేదు. ఎన్నికకు నింపించిన కాగితములో అందరికీ సున్నలే వస్తాయి, ఆ తరువాత నిజముగా అవసరములో ఉన్నవాడు కూడా జీవితములో దానికి సున్నయే వేస్తాడు. నిజము చెప్పినందుకు నష్టము లేదని నమ్మకము ఉన్నచోటనే ఈ పరీక్ష పరీక్ష అవుతుంది. ఆయన కొన్నాళ్లు మాతో సరిగా మాట్లాడలేదు. మరి కొన్నాళ్లకు ఒక రాత్రి ఒంటరిగా వచ్చి, తన కుమారుని గురించి అని చెప్పి ఒక కాగితము అడిగి పట్టుకొని వెళ్లారు. ఎవరి గురించో మేము అడగలేదు.

మేస్త్రీ సంగతి చెప్పకుండా వదిలితే పాఠకులు ఒప్పుకొనరు. చాలా మాసములు ముట్టలేదు. తరువాత సంక్రాంతికి బావమరుదులతో కూర్చొని మొదలుపెట్టాడు. నాలుగవ దినమున తానే మా ఇంటికి వచ్చాడు. మేము నోరు తెరవకముందే, "నాలుగు రోజులయ్యగారూ, మొదటి రోజు ఒకటి, మిగతా రోజులు రెండేసి. ఇవాళ పొద్దున చేతులు వణికాయి. ఇంకా ఏమీ మానలేదు, అడిగి మానదామని వచ్చాను" అన్నాడు. అమ్మగారు కాఫీ ఇచ్చారు. మేము ఆటో పిలిచాము.

ఇప్పుడు ఉత్తరము వ్రాసిన సహోదరికి. అమ్మా, మీ భర్తను "తాగుబోతువా కాదా" అన్న వాదములోనికి దింపవద్దు. ఆ వాదములో ఆయన ఎప్పుడూ గెలుస్తారు, ఎందుకంటే ఆయనకంటె ఎక్కువ త్రాగేవాడు ఒకడు వీధిలో ఎప్పుడూ ఉంటాడు. త్రాగని సమయములో, ప్రొద్దుట పూట, ఎంత, ఎన్నిసార్లు అని మెల్లగా అడగండి. చెప్పినది వ్రాసుకోండి గాని మొగము చిన్నబుచ్చుకొనవద్దు. ఆయన చేయి చేసుకొనే మనిషైతే మాత్రము మీరు ఏమీ అడగవద్దు, ముందు మీ క్షేమము చూచుకోండి. 181 నెంబరు స్త్రీల సహాయమునకు ఉన్నది. ప్రొద్దున్నే వణుకు, చెమట ఉంటే సీసాలు దాచి, ఒట్టు వేయించి ఒక్కసారిగా మాన్పించవద్దు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని దగ్గరకు తీసికొని వెళ్లండి. దారి తెలియకపోతే 14446కు ఫోను చేయండి, డబ్బు పడదు. తెలియకుండా కూరలో కలిపి పెట్టే మందులని కొందరు అమ్ముతారు, వాటి జోలికి అసలే వెళ్లవద్దు. ఆ మందులలో కొన్ని కడుపులో ఉండగా మనిషి త్రాగితే గుండె మీదికి వస్తుంది.

మీకు తెలిసినంతవరకు మొదటి మూడు ప్రశ్నలకు మార్కులు వేసి మాకు మరల వ్రాయండి. ఎన్ని దినములకొకసారి, ఒక పూటకు ఎంత, ఆరు డ్రింకులు లేక అంతకు మించి ఎన్నిసార్లు. ఈసారి కూడా పేరు అక్కరలేదు, ఆ మూడు అంకెలు ఉంటే చాలును, ఉత్తరము మీదేనని మేము గుర్తుపడతాము.